నౌషేరా సింహం బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్

వీరుల జీవితాలను మనం సాధారణంగా యుద్ధభూమి నుండి చదవడం మొదలుపెడతాం. వారు గెలిచిన కొండలు, గాయపడిన చోట్లు, పొందిన పతకాలు మనకు కంఠస్థం. కాని ఆ వీరుడు ఒకనాడు మనవలెనే ఒక సామాన్య విద్యార్థి అనీ, చేతిలో ఒక దరఖాస్తు పట్టుకొని, తనను ఎంపిక చేస్తారో చేయరో తెలియక గుండె దడదడలాడుతుండగా ఒక తలుపు ముందు నిలబడినవాడనీ మరచిపోతాం. బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ విషయంలో కూడా ఇదే జరిగింది. నౌషేరా సింహమనే బిరుదును విన్నవారు అనేకులున్నారు. నత్తితో మాట్లాడే ఇరవై యేండ్ల యువకుడు సైనికాధికారి శిక్షణ కొరకు దేశమంతటి యువకులతో పోటీపడి, సముద్రాలు దాటి వెళ్ళిన వృత్తాంతం తెలిసినవారు తక్కువ. అధికారి కొలువు మనవంటివారికి దక్కుతుందా అని దరఖాస్తు వేయకుండానే వెనుకకు తగ్గే విద్యార్థులు మన మధ్య నేటికీ ఉన్నారు. అందువలన ఈ మహనీయుని జీవితాన్ని ఆ దరఖాస్తు నాటి నుండి పరిశీలించడం ఉచితమని మేము భావిస్తున్నాము.

జననం, బాల్యం

మహమ్మద్ ఉస్మాన్ 1912 జూలై 15వ తేదీన నాటి సంయుక్త రాష్ట్రాలలోని ఆజంగఢ్ ప్రాంతంలో, బీబీపూర్ గ్రామంలో జన్మించారు. నేడు ఆ గ్రామం ఉత్తరప్రదేశ్‌లోని మవూ జిల్లాలో ఉన్నది. తండ్రి ఖాన్ బహదూర్ మహమ్మద్ ఫారూఖ్ పోలీసు శాఖలో ఉన్నతోద్యోగి, బనారసు నగర కొత్వాలు. తల్లి జమీలున్ బీబీ. ముగ్గురు అక్కల తరువాత పుట్టిన కుమారుడగుటచేత ఇంటిల్లిపాది ఆశలు ఆయన పైననే ఉండేవి. బనారసు నగరంలోని హరిశ్చంద్ర పాఠశాలలో ఆయన చదువు సాగింది. గంగా తీరాన వెలసిన ఆ నగరంలో దేవాలయ ఘంటానాదాన్నీ, మసీదు నుండి వచ్చే అజాన్‌నూ ఒకే గాలిలో వింటూ పెరిగిన బాలునికి ఆ రెండింటి మధ్య గోడ కట్టవలసిన అవసరం ఎన్నడూ తోచలేదు.

పన్నెండేండ్ల వయసులో జరిగిన ఒక సంఘటనను ఆయన జీవితచరిత్రకారులందరూ పేర్కొంటారు. ఒక బావి చుట్టూ జనం మూగి హాహాకారాలు చేస్తుండగా ఉస్మాన్ అటుగా వెళ్ళడం తటస్థించింది. ఒక పసివాడు నీటిలో మునిగిపోతున్నాడు. చూచేవారు అనేకులు, దిగేవారు లేరు. ఉస్మాన్ క్షణమైనా ఆలోచించక బావిలోనికి దూకి ఆ బిడ్డను రక్షించాడు. ధైర్యం ఆయనకు శిక్షణాలయంలో అబ్బిన గుణం కాదని దీనివలన మనకు తెలుస్తున్నది.

ఇంతటి సాహసికి ఒక లోపం మాత్రం ఉండేది. చిన్ననాటి నుండి ఆయనకు నత్తి. కుమారుడు సివిలు ఉద్యోగాలలో చేరవలెననీ, కనీసం పోలీసు శాఖలోనైనా స్థిరపడవలెననీ తండ్రి అభిలాష. మాట తడబడేవానికి ఆ కొలువులు దుర్లభం కావచ్చునని ఇంటివారికి లోలోపల బెంగ ఉండేది. ఈ సందర్భంలో ఒక ముచ్చట ప్రచారంలో ఉన్నది. తండ్రి ఒకనాడు కుమారుని వెంటబెట్టుకొని తన పై అధికారియైన ఒక ఆంగ్లేయుని దర్శనానికి వెళ్ళారట. ఆ దొరగారికి కూడా నత్తియే. ఆయన తడబడుతూ ప్రశ్న వేయగా ఉస్మాన్ తడబడుతూనే సమాధానం చెప్పాడు. కుర్రవాడు తనను వెక్కిరిస్తున్నాడని దొరగారు మండిపడ్డారట. పోలీసు కొలువు ఆశ ఆ గదిలోనే అంతమైందని చెప్పుకొంటారు. నవ్వు పుట్టించే కథయే అయినను, చేయని తప్పుకు దోషిగా నిలబడిన ఒక యువకుని మనోవేదన దానిలో దాగియున్నదని మనం గ్రహించాలి. అంతటి అవమానం తరువాత మరొక అధికారి ముందు నోరు విప్పడానికి ఎందరు సాహసిస్తారు? ఉస్మాన్ సాహసించారు. పోలీసు శాఖ కంటె కఠినమైన ద్వారాన్నే ఆయన ఎంచుకొన్నారు. అది సైనికాధికారి ద్వారం.

మూసియున్న ద్వారం

నాటి పరిస్థితి తెలిసికొననిదే ఆ నిర్ణయంలోని గొప్పతనం మనకు బోధపడదు. బ్రిటిషు పాలనలో భారత సైన్యం నిండా భారతీయ సిపాయిలే ఉండేవారు. కాని రాజుగారి పేరిట లభించే అధికారి హోదా, అనగా కింగ్స్ కమీషను, మొదటి ప్రపంచ యుద్ధ కాలం వరకు భారతీయులకు దాదాపు అందని పండుగానే ఉండినది. ఎంత సేవ చేసినను సుబేదారు, జమేదారు హోదాల వద్దనే వారి మెట్లు ఆగిపోయేవి. నిన్న మొన్న వచ్చిన తెల్ల యువకునికి, తల నెరసిన సుబేదారు వందనం చేయవలసి వచ్చేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలాది భారతీయ సైనికులు విదేశాలలో పోరాడిన పిదప ఈ అన్యాయాన్ని కొనసాగించడం పాలకులకు కష్టమైంది. 1918 నుండి ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్ రాయల్ సైనిక కళాశాలలో యేడాదికి పది స్థానాలు భారతీయులకు కేటాయించారు. దేశ జనాభా ముప్పది కోట్లు, స్థానాలు పది! పైగా తొలి సంవత్సరాలలో పలుకుబడి గల కుటుంబాల పిల్లలనే అధికారుల సిఫారసుతో ఎంపిక చేసేవారు. భాష, భోజనం, చదువు, ఆటలు అన్నీ కొత్తవైన చోట ఆ యువకులలో పలువురు నెగ్గలేకపోయారు. వారిని ముందుగా తీర్చిదిద్దడానికే 1922లో డెహ్రాడూన్‌లో ప్రత్యేక సైనిక పాఠశాలను స్థాపించారు.

నెగ్గివచ్చినవారికి సైతం మరొక కంచె సిద్ధంగా ఉండేది. 1923లో ప్రభుత్వం ఎనిమిది దళాలను మాత్రం ఎంచి, భారతీయ అధికారులను వాటిలోనే నియమించాలని నిర్ణయించింది. తెల్ల అధికారి భారతీయుని క్రింద పనిచేయవలసిన అవసరం రాకుండా చేయడమే దీని ఆంతర్యమని ఆనాడే విమర్శలు వచ్చాయి. నిజాం రాజ్యపు కంటింజెంట్ సేనల నుండి రూపొందిన హైదరాబాదు రెజిమెంటుకు చెందిన ఒక పటాలం కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి కావడం మన ప్రాంతీయులకు ఆసక్తి కలిగించే విషయం. ఆ రెజిమెంటు పేరు 1945లో కుమావూ రెజిమెంటుగా మారింది.

1925లో జనరల్ స్కీన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. మోతీలాల్ నెహ్రూ, మహమ్మదాలీ జిన్నా అందులో సభ్యులు. మోతీలాల్ మధ్యలోనే వైదొలగారు. సాండ్‌హర్స్ట్ స్థానాలను రెట్టింపు చేయాలనీ, భారతదేశంలోనే ఒక సైనిక కళాశాలను నెలకొల్పాలనీ ఆ సంఘం సిఫారసు చేసింది. ఆ సిఫారసుల ఫలితంగా స్థానాలు ఇరవైకి పెరిగాయి. సిఫారసు లేఖలకు బదులు పోటీ పరీక్షకు ప్రాధాన్యం వచ్చింది. బీబీపూర్‌లో జన్మించిన ఒక యువకుడు తలుపు తట్టగలిగినది ఈ మార్పు వలననే. జిన్నా పేరు ఈ జీవితంలో మరొకసారి మనకు ఎదురుకాబోతున్నది. అందుచేత దీనిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనాలని కోరుతున్నాము.

దరఖాస్తుదారుడు ఉస్మాన్

పోటీ పరీక్ష వచ్చినంత మాత్రాన దారి సుగమం కాలేదు. లిఖిత పరీక్షలో అభ్యర్థి పాండిత్యాన్ని కొలిచేవారు. వైద్య పరీక్షలో దేహ దార్ఢ్యాన్ని చూచేవారు. ఈ రెండింటికి మించిన కఠిన ఘట్టం పెద్దల మండలి ముందు జరిగే మౌఖిక పరీక్ష. అభ్యర్థి ఎట్లు నడచి వచ్చెను, ఎట్లు నిలబడెను, ఎట్లు మాటలాడెను, తెలియని ప్రశ్నకు తడబడెనా నిబ్బరంగా ఒప్పుకొనెనా అన్నవన్నీ అక్కడ లెక్కలోనికి వచ్చేవి. పుస్తకంలో చదివి బట్టీపట్టిన విద్యకు అక్కడ విలువ స్వల్పం.

నత్తి గల యువకునికి ఆ గది ఎంతటి భయంకర ప్రదేశమో ఊహించడం కష్టం కాదు. ప్రశ్నకు సమాధానం మనసులో సిద్ధంగా ఉన్నా నాలుక సహకరించదు. ఎదుటివారు ఓపిక పట్టుదురో, ముందటి దొరవలె ఆగ్రహింతురో తెలియదు. ఇంటివారు సివిలు కొలువుకై ఒత్తిడి చేస్తున్నారు. సాండ్‌హర్స్ట్ చదువుకు అయ్యే వ్యయం చాలావరకు కుటుంబమే భరించవలసియుండగా, ఓడిపోయి తిరిగివస్తే ఆ భారమంతా తండ్రి నెత్తిన పడుతుంది. ఇవన్నీ తెలిసియే ఉస్మాన్ దరఖాస్తు చేశారు, పోటీలో నిలిచారు, ఎంపికైన వేళ్ళమీద లెక్కింపదగిన కొద్దిమందిలో ఒకరై 1932లో సాండ్‌హర్స్ట్‌లో ప్రవేశించారు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. భారతీయ యువకులకు సాండ్‌హర్స్ట్‌లో ప్రవేశం లభించిన చివరి సంవత్సరం అదే. అదే 1932 అక్టోబరులో డెహ్రాడూన్‌లో భారత సైనిక అకాడమీ ఆరంభమైంది. అందలి మొదటి జట్టు నలభైమందిలో శాం మానెక్‌షా, మహమ్మద్ మూసా, స్మిత్ డన్ ఉన్నారు. ఆ ముగ్గురూ కాలక్రమేణ వరుసగా భారత, పాకిస్తాన్, బర్మా దేశాల సేనాధిపతులైనారు. ఉస్మాన్ మరొక యేడాది సందేహిస్తూ కూర్చొనియుంటే ఆ తలుపు మూసుకొనిపోయి ఉండేది. అవకాశమనునది మన సందేహాలు తీరేవరకు గుమ్మంలో కాచుకొని కూర్చొనదు.

శిక్షణ, తొలి కొలువు

సాండ్‌హర్స్ట్ శిక్షణ ముగించి ఉస్మాన్ 1934 ఫిబ్రవరి 1న సెకండ్ లెఫ్టినెంటుగా కమీషను పొందారు. నాటి నియమం ప్రకారం మొదటి సంవత్సరం ఒక బ్రిటిషు పటాలంలో పనిచేయవలెను. ఆయన భారతదేశంలో ఉన్న కామెరోనియన్స్ అనే స్కాట్లండు పటాలంలో ఆ యేడాది గడిపారు. 1935 మార్చిలో బలూచ్ రెజిమెంటుకు చెందిన అయిదవ పటాలంలో నియమితులైనారు. అదే సంవత్సరం వాయవ్య సరిహద్దులో మొహమంద్ తెగలపై జరిగిన సైనిక చర్యలో పాల్గొన్నారు. ఆ రాతి కొండలలో ఆయన నేర్చిన పర్వత యుద్ధ విద్యయే పండ్రెండేండ్ల తరువాత నౌషేరాలో అక్కరకు వచ్చింది.

అదే 1935 నవంబరులో ఆయన ఉర్దూ భాషలో ప్రథమ శ్రేణి దుబాసీగా ఉత్తీర్ణులైనారు. నాటి సైన్యంలో సిపాయిలతో వ్యవహరించే భాష రోమను లిపిలో వ్రాసే ఉర్దూ. తెల్ల అధికారులు ఆ భాషను పట్టుదలతో కూర్చొని నేర్చుకొనవలసి వచ్చేది. ఉస్మాన్‌కు అది అమ్మ ఒడిలో అబ్బిన భాష. మాతృభాష ఉద్యోగానికి ఆటంకమని వాపోయే మన విద్యార్థులు ఈ విషయాన్ని ఒక్క క్షణం ఆలోచించాలి.

1936లో లెఫ్టినెంటుగా, 1941లో కెప్టెనుగా పదోన్నతి లభించింది. 1942లో క్వెట్టాలోని స్టాఫ్ కళాశాలలో ఉన్నత శిక్షణ పొందారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పోరాడి, యుద్ధ నివేదికలలో ప్రశంస పొందిన అధికారుల జాబితాలోనికి ఎక్కారు. 1945 ఏప్రిల్ నుండి ఒక యేడాది బలూచ్ రెజిమెంటుకు చెందిన 14వ పటాలానికి నాయకత్వం వహించారు. ఆయన మద్యం ముట్టేవారు కారు. వివాహం చేసికొనలేదు. తన జీతంలో అధిక భాగాన్ని పేద పిల్లల చదువులకు, అక్కరలో ఉన్నవారికి వెచ్చించేవారు. అధికారి కొలువు కోసం అంతగా పోటీపడిన వ్యక్తి, దాని వలన లభించిన సుఖాలను మాత్రం తనకోసం దాచుకొనలేదు.

రెండవ పరీక్ష

1947లో దేశ విభజనతోపాటు సైన్య విభజన కూడా జరిగింది. పటాలాలను, ఫిరంగులను, వాహనాలను, చివరకు భోజనశాలల్లోని వెండి సామగ్రిని సైతం పంచుకొన్నారు. బలూచ్ రెజిమెంటు పాకిస్తాన్ వాటాకు వెళ్ళింది. ఏ దేశాన్ని ఎంచుకొందురో అధికారులు స్వయంగా తెలుపవలసి వచ్చింది. ముస్లిం అధికారులలో అత్యధికులు పాకిస్తాన్‌ను ఎంచుకొన్నారు. వారిని నిందించడం మా ఉద్దేశం కాదు. ఇళ్ళు, బంధువులు, పటాలాలు అటువైపు ఉన్నవారు అనేకులు. ఆ భీకర దినాలలో ఎవరి కారణాలు వారికి ఉండేవి.

ఉస్మాన్ భారతదేశాన్ని ఎంచుకొన్నారు. ఆయన సామర్థ్యం ఎరిగిన జిన్నా, లియాఖత్ అలీఖాన్‌లు స్వయంగా ఆయనను ఆహ్వానించారనీ, పాకిస్తాన్‌కు వస్తే త్వరలోనే సేనాధిపత్యం లభిస్తుందని ఆశ చూపారనీ చెబుతారు. ఇరవై యేండ్ల క్రితం భారతీయులకు సాండ్‌హర్స్ట్ స్థానాలు పెంచవలెనని సిఫారసు చేసిన సంఘంలోని సభ్యుడే, ఆ స్థానాలలో ఒకదానిని సాధించిన అధికారిని తన నూతన దేశానికి పిలవడం చరిత్రలోని వింతలలో ఒకటి. ఉస్మాన్ సవినయంగా నిరాకరించారు. తనతో పెరిగిన పటాలాన్ని విడిచి డోగ్రా రెజిమెంటుకు మారారు.

ఈ ఘట్టాన్ని మేము ఆయన జీవితంలోని రెండవ ఎంపిక అంటున్నాము. మొదటి ఎంపికలో ఒక మండలి ఆయనను పరీక్షించింది. రెండవదానిలో పరీక్షకుడూ ఆయనే, అభ్యర్థీ ఆయనే. దానికి పాఠ్యగ్రంథం లేదు, మార్కులు లేవు. పైగా పదవి ఒకవైపు, అనుమానం మరొకవైపు ఉన్న తరాజు అది. చుట్టూ రక్తపాతం జరుగుతున్న ఆ రోజులలో ఆయన నిజాయితీని శంకించిన కళ్ళు లేకపోలేదు. ఆ శంకకు ఆయన ఉపన్యాసంతో జవాబివ్వలేదు, కర్తవ్య నిర్వహణతో ఇచ్చారు.

ఆయన ఒంటరి కూడా కాదు. సాండ్‌హర్స్ట్‌లోనే శిక్షణ పొందిన ఇనాయత్ హబీబుల్లా సైతం భారతదేశంలోనే నిలిచి, తరువాత మేజర్ జనరలై, ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి మొదటి కమాండెంటుగా ఎన్నో తరాల యువకులకు ఆదర్శప్రాయులైనారు.

నౌషేరా, ఝంగర్

1947 అక్టోబరులో కాశ్మీరంపై దాడి ఆరంభమైంది. మీర్‌పూర్ నుండి, కోట్లీ నుండి వచ్చే దారులు కలిసే కూడలి ఝంగర్ గ్రామం. డిసెంబరు చివరి వారంలో అది శత్రువుల వశమైంది. దాని తరువాతి గురి నౌషేరా పట్టణం. ఆ క్లిష్ట సమయంలో అక్కడి 50వ పారాచూట్ బ్రిగేడు బాధ్యత ఉస్మాన్‌కు అప్పగించబడింది. సైనికుల సంఖ్య స్వల్పం. పట్టణం నిండా ఇల్లూ వాకిలీ కోల్పోయిన కాందిశీకులు. ఝంగర్ పోయిన బాధతో సైనికుల మనసులు క్రుంగియున్నాయి. సైనికులలో కొందరికి కొత్త నాయకుడు ఎటువంటివాడో అన్న సందేహం కూడా ఉండియుండవచ్చు.

ఝంగర్ తిరిగి స్వాధీనమయ్యేవరకు మంచంపై పరుండనని ఉస్మాన్ ప్రతిన పూనారు. జనవరి మాసపు మంచుగాలులలో నేలపై చాప పరచుకొని నిద్రించారు. బ్రిగేడులో పరస్పరం పలకరించుకొనడానికి జైహింద్ అనే మాటను వాడుకలోనికి తెచ్చారు. పట్టణ ప్రజలకు ఆహారం కొరత ఏర్పడినపుడు, వారానికొక పూట తాను, తన సైనికులు ఉపవాసముండి ఆ ధాన్యాన్ని పౌరులకు పంచే ఏర్పాటు చేశారని చెబుతారు. నౌషేరాలో దిక్కులేక తిరుగుతున్న బాలలను చేరదీసి బాలసేనగా కూర్చి, వారికి చదువు, క్రమశిక్షణ నేర్పించారు. పోరు సమయంలో ఆ బాలలు సైనికులకు వార్తలు, సామగ్రి అందించారు. వారిలో ముగ్గురిని తరువాత ప్రధాని నెహ్రూ బంగారు గడియారాలతో సత్కరించారు. బావిలో మునిగిపోతున్న పసివానికై దూకిన నాటి హృదయం ఈ బ్రిగేడియరులో మారక నిలిచియున్నది.

నౌషేరాను కాపాడవలెనన్న దాని సమీపాన ఉన్న కోట్ అనే ఎత్తైన స్థలం మన చేతిలో ఉండాలి. పశ్చిమ రంగపు సేనానియైన జనరల్ కరియప్ప ఆ స్థలాన్ని తనకు కానుకగా సాధించిపెట్టవలసినదిగా ఉస్మాన్‌ను కోరారు. ఫిబ్రవరి 1న ఉస్మాన్ దళాలు దానిని స్వాధీనం చేసికొన్నాయి. అయిదు దినాలకు, 1948 ఫిబ్రవరి 6వ తేదీ తెల్లవారుజామున, వేలసంఖ్యలో శత్రువులు నౌషేరాను అన్ని దిక్కుల నుండి ముట్టడించారు. తైన్‌ధర్ కొండపై ఒక చిన్న స్థావరాన్ని కాపాడుతూ రాజపుత్ర రెజిమెంటుకు చెందిన నాయక్ జదునాథ్ సింగ్ ప్రాణాలర్పించి, మరణానంతరం పరమవీరచక్ర పొందినది ఆ ఉదయమే. సాయంత్రానికి దాడి విచ్ఛిన్నమైంది. మన పక్షాన 33 మంది మరణించారు, 102 మంది గాయపడ్డారు. శత్రుపక్షపు నష్టం దానికి అనేక రెట్లు. ఆ విజయంతో ఉస్మాన్ పేరు దేశమంతటా మారుమ్రోగింది. ఆయన తలకు శత్రువులు యాభైవేల రూపాయల వెల కట్టారు. పత్రికలు ఆయనను పొగడుతున్నా, ఆయన మాత్రం చాప మీదనే నిద్రించారు. ఝంగర్ ఇంకా చేతికి రాలేదు.

మార్చి మాసంలో వర్షాల నడుమ ఝంగర్ పైకి దళాలు కదిలాయి. మార్చి 18న ఆ గ్రామం మళ్ళీ మనదైంది. ఆ రాత్రి బ్రిగేడియరుగారికి మంచం వేయవలెనని సైనికులు ఉత్సాహపడ్డారు. తీరా చూస్తే బ్రిగేడు కార్యాలయంలో మంచమే లేదు. సమీప గ్రామం నుండి ఒక మంచాన్ని అడిగి తెచ్చారు. మూడు మాసాల తరువాత ఆ అరువు మంచంపై ఉస్మాన్ నిద్రించారు.

అమరత్వం

ఝంగర్‌ను తిరిగి పొందడానికి పాకిస్తాన్ సైనిక దళాలు వేసవి అంతా ఫిరంగులతో దాడులు జరిపాయి. 1948 జూలై 3వ తేదీ సాయంకాలం. ఉస్మాన్ తన అధికారులతో ప్రతిదిన సమావేశం ముగించిన కొద్దిసేపటికే గుండ్ల వర్షం మొదలైంది. ఇరవై అయిదు పౌండ్ల ఫిరంగి గుండు ఒకటి సమీపాన పేలగా, దాని తునకలు తగిలి ఆయన అక్కడికక్కడే అసువులు బాసారు. మరి పన్నెండు దినాలు గడచియుంటే ఆయనకు ముప్పది ఆరేండ్లు నిండేవి. ఆ యుద్ధంలో నేలకొరిగిన భారత సైనికాధికారులందరిలో అత్యున్నత హోదా గలవారు ఆయనయే.

ఆయన భౌతికకాయాన్ని ఢిల్లీకి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో, ప్రధాని నెహ్రూ సమక్షంలో, జామియా మిల్లియా ఇస్లామియా ప్రాంగణ సమీపాన ఖననం చేశారు. ఒక విద్యాసంస్థ చెంతనే ఆయన విశ్రమించడం ఎంతో సముచితంగా ఉన్నది. ప్రభుత్వం మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రదానం చేసింది. 2020 చివర ఆ సమాధి శిథిలమై కనిపించగా సైన్యం దానిని పునరుద్ధరించింది. సమాధిని సైన్యం బాగుచేయగలదు. మరుపునకు గురియైన జ్ఞాపకాన్ని బాగుచేయవలసినవారు విద్యావంతులే.

మన విద్యార్థులకు

ఉస్మాన్ మరణించిన ఆ 1948 జూలై మాసంలోనే నేషనల్ కేడెట్ కోర్ ఆవిర్భవించింది. కళాశాల విద్యార్థికి సైనిక క్రమశిక్షణను పరిచయం చేసే ఆ సంస్థ వలన నేటి యువకునికి గల సౌకర్యం నాటి ఉస్మాన్‌కు లేదు. నేడు సముద్రాలు దాటవలసిన పని లేదు. ఇంటర్మీడియట్ స్థాయిలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష, పట్టభద్రులకు కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, రెండింటినీ యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ యేడాదికి రెండు పర్యాయాలు నిర్వహిస్తున్నది. ఎన్.సి.సి.లో 'సి' సర్టిఫికెట్ పొందిన పట్టభద్రులకు లిఖిత పరీక్ష లేకుండా నేరుగా ఎంపిక మండలికి వెళ్ళే ప్రత్యేక మార్గం కూడా ఉన్నది. విజయనగరం చెంత కోరుకొండలో 1962 నుండి సైనిక పాఠశాల నడుస్తున్నది. వైమానికదళ అధికారులను తీర్చిదిద్దే అకాడమీ హైదరాబాదు చెంత దుండిగల్‌లోనే ఉన్నది. 2022 నుండి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో బాలికలకు సైతం ప్రవేశం లభించింది. కనుక ఈ మాటలు మా సోదరీమణులను కూడా ఉద్దేశించినవే.

ఆ ఎంపిక స్వరూపాన్ని విద్యార్థులు తెలిసికొనాలి. డిఫెన్స్ అకాడమీ లిఖిత పరీక్షలో గణితానికి 300, సామాన్య విజ్ఞానం, ఇంగ్లీషు కలిసిన పత్రానికి 600, వెరసి 900 మార్కులు. సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఎదుట జరిగే పరీక్షకు కూడా సరిగ్గా 900 మార్కులే. అనగా చదువుకు సగం, మనిషికి సగం. అయిదు దినాలపాటు జరిగే ఆ పరీక్షలో మనస్తత్వ పరిశీలన ఉంటుంది, జట్టుగా అడ్డంకులను దాటించే పనులు ఉంటాయి, ఏకాంత సంభాషణ ఉంటుంది. తోటివాడు వెనుకబడినపుడు అభ్యర్థి ఏమి చేసెను, మాట నెగ్గనపుడు ఎట్లు ప్రవర్తించెను అన్నవి అక్కడ పరిశీలిస్తారు. ఆ మార్కులను శిక్షణ కేంద్రాలు అయిదు వారాలలో కొని ఇవ్వజాలవు. వాటిని తరగతిలో, ఆటస్థలంలో, ఇంటిలో, వీధిలో దినదినమూ సంపాదించుకొనాలి.

అధికారుల ఎంపికలో ఏ కులానికీ, ఏ మతానికీ ప్రత్యేక స్థానాలు లేవు. ఇది భయపడవలసిన విషయమని కొందరు తలుస్తారు. ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండా గెలుచుకొన్న స్థానాన్ని ఎవరూ శంకించజాలరని ఉస్మాన్ జీవితం మనకు చెబుతున్నది. అందరూ ఎంపిక కారు. తిరిగి వచ్చేవారే అధికం. తిరిగివచ్చినవానికి అవమానం లేదు, వయస్సు మించనంతవరకు మరల వెళ్ళే హక్కు ఉన్నది. దరఖాస్తు వేయనివాని పేరు మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు.

మన కళాశాల పాలకవర్గానికి కూడా ఒక్క విన్నపం చేయదలచినాము. ఈ పరీక్షల ప్రకటనలు వెలువడినపుడు వాటిని ఉర్దూ, తెలుగు భాషలలో సూచనా ఫలకంపై ఉంచి, దరఖాస్తు చేయగోరు విద్యార్థులకు ఒక అధ్యాపకుని సహాయం ఏర్పాటు చేయగలరని ఆశిస్తున్నాము. ఇది పెద్ద వ్యయం గల పని కాదు.

నాలుక తడబడిన ఒక యువకుడు తలుపు తట్టాడు. ఆ తలుపు తెరుచుకొన్నది. పదహారేండ్ల తరువాత, లోనికి వచ్చినందుకు ఋణం తీర్చుకొన్నాడు. ఉస్మాన్ వలె మరణించవలెనని మేము మన విద్యార్థులను కోరడం లేదు. ఆయన వలె మొదట దరఖాస్తు చేయవలెనని మాత్రమే కోరుతున్నాము.